పిల్లి చెట్టుమీద గూడు ఎలా కట్టింది? చిన్న తరగతుల్లో చాట్‌బాట్ పాఠం

"చాట్‌బాట్ ఒక్కోసారి తప్పు చెబుతుంది, జాగ్రత్త" అని పిల్లలకు చెప్పడం తేలికే. "ఎప్పుడు చెబుతుంది టీచర్?" అని మూడో తరగతి పిల్ల అడిగినప్పుడే చిక్కు. తప్పు చెప్పేటప్పుడు అది తడబడదు, నీళ్లు నమలదు, బుర్ర గోక్కోదు. ఒప్పును ఎంత నున్నగా చెబుతుందో తప్పునూ అంతే నున్నగా చెబుతుంది. ఎదుటివాళ్ల మాట నమ్మవచ్చో లేదో తేల్చుకోవడానికి పిల్లలు మనుషుల దగ్గర వాడే గుర్తులేవీ ఇక్కడ పనికిరావు.

అందుకని హెచ్చరిక ఒక్కటే చాలదు. జవాబు లోపల ఎలా తయారవుతుందో ఎనిమిదేళ్ల పిల్లకు కళ్లకు కట్టేలా చూపిస్తే, అది ఎక్కడ బోల్తా పడుతుందో పిల్లలే చెప్పేస్తారు. ఆ మాత్రానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. పది కవర్లు, ఇరవై చీటీలు ఉంటే సరిపోతుంది.

## ఏఐ, చాట్‌బాట్, భాషా నమూనా: దేన్ని ఏమంటారు

ఏఐ అన్నది పెద్ద గొడుగు. ఫొటోలో ముఖాన్ని గుర్తుపట్టేదీ, అక్కర్లేని మెయిళ్లను ఏరి పక్కన పడేసేదీ, చదరంగం ఆడేదీ అన్నీ దాని కిందికే వస్తాయి. ఆ గొడుగు కింద చాట్‌బాట్ ఒక్క మూల: మనం రాసిన మాటకో పలికిన మాటకో తిరిగి మాటల్లోనే బదులిచ్చే ప్రోగ్రాం. ఏఐ బొమ్మ గీయమంటే పిల్లలు కళ్లూ చేతులూ ఉన్న రోబోను గీస్తారు. ఆ బొమ్మను పక్కన పెట్టించడమే పాఠంలో మొదటి పని.

చాట్‌బాట్లు నిన్న మొన్న పుట్టినవి కావు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసిన ఎలైజా అనే చాట్‌బాట్ వివరాలు 1966లోనే అచ్చయ్యాయి. ఎలైజాలో ఉన్నవి కొన్ని నియమాలే. ఫలానా మాట కనబడితే వాక్యాన్ని ఇలా తిప్పి ప్రశ్నగా అడుగు, అంతే. "నాకు దిగులుగా ఉంది" అంటే "దిగులుగా ఎందుకు ఉంది?" అనే తరహా.

ఇప్పటి చాట్‌బాట్లు అలా రాసిపెట్టిన వాక్యాలతో నడవవు. 2022 నవంబరు 30న విడుదలైన చాట్‌జీపీటీ గానీ, దాని వెనకే వచ్చిన మిగతావి గానీ భాషా నమూనాల మీద ఆధారపడతాయి. భాషా నమూనా చేసేది ఒక్కటే పని. ఇంతవరకు ఉన్న మాటలు చూసి, తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టి, ఒకదాన్ని ఎంచి రాస్తుంది. ఆ మాటను కూడా కలుపుకుని మొత్తం మళ్లీ చూసి ఇంకో మాట రాస్తుంది. ఫోన్‌లో టైప్ చేస్తుంటే కీబోర్డ్ పైన మూడు మాటలు కనిపిస్తాయి కదా, దానికి ఎన్నో రెట్లు పెద్దన్న ఇది. ఆ లెక్క కట్టడం ఎలాగో కోట్లకొద్దీ వాక్యాలు చూసి నేర్చుకునే దశను శిక్షణ అంటారు.

## ఊహ ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు

బోర్డు మీద "ఇంట గెలిచి రచ్చ" అని రాసి ఆపితే తరగతి మొత్తం "గెలువు" అని అరుస్తుంది. సామెత విన్నవాళ్లకు ఆ ఖాళీలో ఇంకో మాట తోచదు. తర్వాత "నా సంచిలో ఉన్న పెన్సిల్ రంగు" అని రాసి ఆపాలి. ఇప్పుడు ఎరుపు, నీలం, పసుపు, నలుపు అంటూ తలా ఒకటి చెబుతారు. "తెలియదు" అనేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు.

గమనించాల్సింది ఏమిటంటే, రెండోసారి కూడా జవాబులు వచ్చాయి. సంచి ఎవరూ తెరవలేదు. పెన్సిల్ రంగు గురించి ఎవరికీ సమాచారం లేదు. అయినా ఖాళీలో ఇమిడే మాట అందరి దగ్గరా ఉంది, ఎందుకంటే రంగు అన్న చోట రంగు పేరే వస్తుందని భాష తెలిసిన ప్రతివాళ్లకూ తెలుసు. వాక్యం అతికినట్టు సరిపోయింది, నిజంతో మాత్రం సంబంధం లేదు. చాట్‌బాట్ బలమూ బలహీనతా రెండూ ఈ రెండు ఖాళీల మధ్యే ఉన్నాయి.

ఈ ఆట వెనక చరిత్ర ఉంది. రష్యా గణితవేత్త ఆండ్రే మార్కోవ్ 1913లో పుష్కిన్ కావ్యం ఒకటి తీసుకుని అందులోని 20,000 అక్షరాల్లో అచ్చు తర్వాత హల్లు, హల్లు తర్వాత అచ్చు ఎన్నిసార్లు వస్తున్నాయో చేత్తో లెక్కగట్టాడు. అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ 1951లో మనుషులతో అక్షరాలు ఊహింపజేసే ఆట ఆడించాడు. ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణలో 129 స్థానాలకు 89 మొదటి ఊహకే దొరికాయి. భాషలో అంత పునరుక్తి ఉంది కాబట్టే యంత్రాలు దాన్ని ఊహించగలుగుతున్నాయి.

## పది కవర్లు, ఇరవై చీటీలు: తరగతిలోనే ఒక చిన్న నమూనా

ఇప్పుడు అసలు ప్రయోగం. బోర్డు మీద పది వాక్యాలు రాయాలి. ఒక్కోదానిలో మూడేసి మాటలు. మన యంత్రం 'చదివిన' పుస్తకం ఇదే:

చేప నీటిలో ఈదుతుంది. కప్ప నీటిలో ఈదుతుంది. మొసలి నీటిలో దాక్కుంటుంది. కప్ప నేలమీద గెంతుతుంది. కోడి నేలమీద నడుస్తుంది. పిల్లి నేలమీద నడుస్తుంది. పిల్లి చెట్టుమీద కూర్చుంటుంది. కాకి చెట్టుమీద వాలుతుంది. కాకి చెట్టుమీద గూడుకడుతుంది. కోతి చెట్టుమీద ఆడుకుంటుంది.

చివరి మాట కాని ప్రతి మాటకూ ఒక కవరు. ఏడు జంతువుల పేర్లు, నీటిలో, నేలమీద, చెట్టుమీద, మొత్తం పది. వాక్యాలు ఒక్కొక్కటిగా చదువుతూ, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చిందో చీటీ మీద రాసి ముందు మాట ఉన్న కవర్లో వేయాలి. 'పిల్లి' కవర్లో నేలమీద, చెట్టుమీద అని రెండు చీటీలు పడతాయి. 'నీటిలో' కవర్లో ఈదుతుంది రెండు, దాక్కుంటుంది ఒకటి. 'చెట్టుమీద' కవర్లో నాలుగు వేర్వేరు చీటీలు. వాక్యానికి రెండు చొప్పున మొత్తం ఇరవై. ఒకే మాట రెండుసార్లు వస్తే రెండు చీటీలూ వేయాల్సిందే. "ఉందిగా టీచర్, మళ్లీ ఎందుకు?" అని పిల్లలు మానేసేది సరిగ్గా ఇక్కడే. మానేస్తే ఎక్కువసార్లు చూసినదే ఎక్కువగా వస్తుందన్న విషయం ఆటలోంచి జారిపోతుంది.

బోర్డు మీది వాక్యాలు తుడిచేయాలి. ఇక కవర్లే మన యంత్రం. ఒక పిల్ల 'పిల్లి'తో మొదలుపెట్టి, ఆ కవర్లోంచి కళ్లు మూసుకుని చీటీ తీస్తుంది. 'చెట్టుమీద' వచ్చిందనుకుందాం. చీటీ తిరిగి వేసేసి, 'చెట్టుమీద' కవరు తెరిచి ఇంకో చీటీ తీస్తుంది. గూడుకడుతుంది.

పిల్లి చెట్టుమీద గూడుకడుతుంది.

తరగతి ఘొల్లుమంటుంది. నవ్వు అయ్యాక అడగాల్సిన ప్రశ్న: ఈ వాక్యం మనం రాసిన పదింటిలో ఉందా? లేదు. ఏ చీటీలోనైనా తప్పు ఉందా? లేదు. చీటీ తీసిన పిల్ల మోసం చేసిందా? అదీ లేదు. అన్నీ ఒప్పుగానే జరిగి, చివరికి తప్పు పుట్టింది. 'పిల్లి'తో మొదలుపెడితే ఇలా రావడానికి అవకాశం ఎనిమిదింట ఒకటి (రెండింట ఒకటి, దాన్లో నాలుగింట ఒకటి), కాబట్టి ముప్పై మంది తీస్తే సగటున మూడు నాలుగుసార్లు గూడు కడుతుంది.

ఇక్కడితో ఆపితే మాత్రం పాఠం సగమే. అదే కవర్ల నుంచి "కాకి చెట్టుమీద కూర్చుంటుంది" కూడా వస్తుంది. అది కూడా పదింటిలో లేదు, కానీ నిజం. "మొసలి నీటిలో ఈదుతుంది" అంతే. లెక్కవేస్తే ఈ కవర్లు మొత్తం 24 వేర్వేరు వాక్యాలు పుట్టించగలవు. అందులో 10 మనం రాసినవి, 14 కొత్తవి. కొత్తవాటిలో అచ్చంగా తప్పు అనదగ్గవి నాలుగే: పిల్లి, కోతి చెట్టుమీద 'వాలడం', ఆ రెండే చెట్టుమీద 'గూడుకట్టడం'. మిగతావి నిజాలో, కనీసం జరగగలిగినవో.

చాట్‌బాట్ గురించి పిల్లలకు చెప్పగలిగిన అతి ముఖ్యమైన సంగతి ఇదే. ఒప్పులకు ఒక కవరు, తప్పులకు ఒక కవరు ఉండవు. కొత్త నిజం, కొత్త తప్పు ఒకే కవర్లోంచి, ఒకే పద్ధతిలో వస్తాయి. ఏది ఏదో చెప్పే సత్తా కవర్లకు లేదు. అది చెప్పింది పిల్లలు, ఎందుకంటే వాళ్లు పిల్లిని చూశారు.

## ఆటకూ అసలు యంత్రానికీ ఉన్న తేడాలు

నాలుగైదు తరగతుల పిల్లల్లో ఒకరైనా అడుగుతారు: వెనక ఒక్క మాటే ఎందుకు చూడాలి, రెండు చూస్తే? మంచి ప్రశ్న. 'పిల్లి చెట్టుమీద' అని రెండు మాటలకు కలిపి కవరు పెడితే అందులో 'కూర్చుంటుంది' ఒక్కటే ఉంటుంది. తప్పులు మాయం. కానీ కొత్త వాక్యాలూ మాయం. యంత్రం మనం రాసిన పది వాక్యాలనే అప్పజెబుతుంది. చదివిన పుస్తకం పెద్దదై, వెనక్కి చూసే దూరం పెరిగినప్పుడే తప్పులు తగ్గుతూ కొత్తవి నిలుస్తాయి. ఇప్పటి నమూనాలు ఒకటి రెండు మాటలు కాదు, పుటలకు పుటలు వెనక్కి చూస్తాయి. ఆ దూరపు చూపుకు దారి వేసింది గూగుల్ పరిశోధకులు 2017లో ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మర్ అనే పద్ధతి.

ఇంకో తేడా. అసలు యంత్రంలో చీటీలు దాచిపెట్టి ఉండవు. మాటలన్నీ అంకెలుగా మారి, దగ్గరి అర్థాల మాటలు దగ్గరి అంకెలుగా సర్దుకుంటాయి. అందువల్ల అది ఎన్నడూ చూడని వాక్యానికి కూడా తగిన బదులు కట్టగలదు. ఆ తర్వాత మనుషులు జవాబులను చూసి ఇది మేలు, ఇది కాదు అని మార్కులు వేసి ఇంకో విడత శిక్షణ ఇస్తారు. చాట్‌బాట్ మర్యాదగా మాట్లాడటం, కొన్నిటికి "తెలియదు" అనడం ఇక్కడ అబ్బుతుంది. దీనితోపాటే ఒక జబ్బు కూడా అంటుతుంది: ఎదుటివాళ్లకు నచ్చేలా చెప్పడం. సరైన జవాబు ఇచ్చాక "కాదు, నువ్వు తప్పు" అని గట్టిగా అంటే క్షమాపణ చెప్పి జవాబు మార్చేసుకోవడం దీని లక్షణమే.

కొన్ని చాట్‌బాట్లు ఇప్పుడు ఇంటర్నెట్‌లో వెతికి, లెక్కలకు కాలిక్యులేటర్ వాడి, తర్వాత జవాబు రాస్తాయి. దీంతో తప్పులు తగ్గిన మాట నిజం. అయితే వెతికి తెచ్చినదాన్ని కుదించి చెప్పేది మళ్లీ ఆ తర్వాతి మాట ఊహించే యంత్రమే. కాబట్టి దొరికిన పేజీలో ఒకటి ఉండి, జవాబులో ఇంకోటి ఉండటం ఇప్పటికీ జరుగుతుంది.

## తప్పు, అబద్ధం, ఊహ: మూడూ ఒకటి కాదు

లేనిది ఉన్నట్టు చాట్‌బాట్ చెప్పడాన్ని నిపుణులు హాల్యూసినేషన్ అంటారు, అంటే భ్రమ. కేంబ్రిడ్జ్ నిఘంటువు 2023 సంవత్సరపు మాటగా దీని క్రియారూపం 'హాల్యూసినేట్'ను ఎంచుకుంది. ఈ మాట బాగుందనేవాళ్లు, లోపానికి ఒక పేరు దొరికిందంటారు. బాగాలేదనేవాళ్లు, భ్రమపడటానికి ముందు మనసంటూ ఉండాలి కదా అంటారు. పైగా మామూలుగా సవ్యంగా ఉండే యంత్రానికి అప్పుడప్పుడు మతి తప్పుతుందన్న అర్థం వస్తుంది. కవర్ల ఆట చూసినవాళ్లకు అది సరికాదని తెలుసు. గూడు కట్టినప్పుడు కవర్లకు ఏమీ కాలేదు.

పిల్లలతో ఈ పెద్ద మాట కన్నా మూడు చిన్న మాటలే బాగా పనిచేస్తాయి. నిజం తెలిసి వేరేది చెబితే అబద్ధం. ఒప్పనుకుని చెప్పినది ఒప్పు కాకపోతే తప్పు. తెలియకుండా ఇమిడేది చెబితే ఊహ. చాట్‌బాట్ చేసేది మూడోది. ఊహల్లో చాలావరకు ఒప్పవుతాయి, కొన్ని కావు. ఈ తేడా చెప్పకపోతే పిల్లలు "అది అబద్ధాలకోరు" అనే తీర్మానానికి వచ్చేస్తారు. అన్నీ నమ్మడం ఎంత చెరుపో ఏదీ నమ్మకపోవడం అంతే చెరుపు.

పెద్దలకు కూడా ఈ తేడా గుర్తుండదనడానికి ఒక ఉదాహరణ 2023 ఫిబ్రవరిలో వచ్చింది. గూగుల్ తన బార్డ్ చాట్‌బాట్‌కు ఇచ్చిన ప్రకటనలో ప్రశ్న ఏమిటంటే, జేమ్స్ వెబ్ టెలిస్కోప్ కనుగొన్న కొత్త సంగతుల్లో మా తొమ్మిదేళ్ల పిల్లకు ఏం చెప్పవచ్చు అని. జవాబులో ఒక అంశం: మన సౌరకుటుంబానికి బయటి గ్రహం ఫొటో మొట్టమొదట తీసింది వెబ్ అని. నిజానికి అలాంటి మొదటి ఫొటో 2004లోనే చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌తో తీశారు. వెబ్ 2022లో తీసింది వెబ్‌కు మొదటిది. 'వెబ్ తీసిన మొదటి ఫొటో', 'మొదటి ఫొటో తీసింది వెబ్': మాటలు అవే, వరుస మారింది. అయిదో తరగతిలో ఈ రెండు వాక్యాలను పక్కపక్కన రాసి తేడా చెప్పమంటే వ్యాకరణ పాఠం కూడా అయిపోతుంది.

## రెండక్షరాల మాటను అది ఎలా చూస్తుంది

పెద్ద వ్యాసం రాసే యంత్రం ఒక మాటలో అక్షరాలెన్నో చెప్పలేక తికమకపడటం పిల్లలకు భలే వింత. ఇంగ్లిష్‌లో స్ట్రాబెర్రీ అనే మాటలో 'ఆర్' ఎన్నిసార్లు వస్తుందంటే మూడుకు బదులు రెండని చాట్‌బాట్లు చెప్పడం 2024లో ఊరూవాడా మోగింది. కారణం తెలివి తక్కువ కావడం కాదు, చూపు తీరు వేరు కావడం. భాషా నమూనా అక్షరాలను చూడదు. మాటలను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ఒక అంకె ఇచ్చి, ఆ అంకెలనే చూస్తుంది. ఆ ముక్కను టోకెన్ అంటారు.

తెలుగులో ఈ చిక్కు ఇంకాస్త ముదురు. 'సూక్ష్మం' అన్న మాట తీసుకోండి. గుణింతాలూ ఒత్తులూ నేర్చిన పిల్ల సూ, క్ష్మం అని రెండక్షరాలు లెక్కపెడుతుంది. కంప్యూటర్‌లో అది ఎనిమిది గుర్తుల వరుస: స, ఊ గుణింతం, క, పొల్లు, ష, పొల్లు, మ, సున్న. కంప్యూటర్ గుర్తులను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్ల చొప్పున 24 బైట్లు. టోకెన్ల కోత ఎక్కడ పడుతుందో ఆ నమూనా తయారైన తీరును బట్టి ఉంటుంది, అది మన అక్షరం హద్దుతో కలవాలని ఏమీ లేదు. శిక్షణలో ఇంగ్లిష్ రాత ఎక్కువ కాబట్టి ఇంగ్లిష్ మాటలు తరచు ఒకే ముక్కగా నిలుస్తాయి, తెలుగు మాటలు ఎక్కువ ముక్కలవుతాయి.

తరగతిలో చూపించడానికి ఒక చిన్న పట్టిక చాలు: 'పుస్త' = 41, 'కాలు' = 7, 'చదివి' = 19 అని మనకు తోచిన అంకెలు ఇచ్చి, 41 7 19 అని మాత్రమే రాసిన చీటీ ఒక పిల్లాడి చేతిలో పెట్టి "ఇందులో 'క' ఎన్నిసార్లు ఉంది?" అని అడగాలి. పట్టిక దాచేస్తే వాడు అంకెల వంక వెర్రిచూపు చూస్తాడు. అదే జవాబు.

## ఆక్టోపస్ ఎముకలు: సరిచూడటం అంటే ఏమిటి

"ఇంకోచోట సరిచూసుకో" అని అందరూ అంటారు, ఎలాగో ఎవరూ చెప్పరు. కింది నాలుగు వాక్యాలు చాట్‌బాట్ జవాబు ధోరణిలో టీచర్ సొంతంగా రాసుకోదగ్గ నమూనా:

"ఆక్టోపస్‌కు మూడు గుండెలు ఉంటాయి. దాని రక్తం నీలం రంగులో ఉంటుంది. దానికి ఎనిమిది చేతులు. దాని ఎముకలు చాలా మెత్తగా ఉంటాయి కాబట్టి చిన్న సందులోంచి కూడా దూరగలదు."

ఏది తప్పో చేతులెత్తమంటే ఎక్కువ చేతులు మూడు గుండెల మీదో నీలి రక్తం మీదో లేస్తాయి, ఎందుకంటే అవే వింతగా ఉన్నాయి. రెండూ నిజాలు. రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉన్న పదార్థం ఆక్సిజన్‌ను మోస్తుంది, అందుకే ఆ నీలం. ఆక్టోపస్‌కు అసలు ఎముకలే లేవు. చిన్న సందులోంచి దూరడం నిజమే, కారణం మాత్రం కల్పన. వింతగా ఉన్నది తప్పు కానక్కర్లేదు, సాఫీగా మింగుడుపడేది ఒప్పు కానక్కర్లేదు. పైగా తప్పు ఒక నిజంతో ముడిపడి వచ్చింది, 'కాబట్టి' అన్న మాట దాన్ని కప్పేసింది.

సరిచూడటానికి పిల్లలు ముందు జవాబును ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కలో ఒక్క సంగతే ఉండాలి. పై నమూనాలో వాక్యాలు నాలుగే, సంగతులు మాత్రం అయిదు: గుండెలు, రక్తం, చేతులు, ఎముకలు, సందు. ఒక్కో సంగతి పక్కన అది ఏ పుస్తకంలో ఏ పుటలో దొరికిందో రాయాలి. దొరకనిదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి, కొట్టేయకూడదు. దొరకకపోవడం తప్పని రుజువు కాదు మరి. నలభై నిమిషాల పీరియడ్‌లో అయిదు సంగతులకు మించి తెమలవు.

చాట్‌బాట్‌నే "ఇది నిజమేనా?" అని అడగడం సరిచూడటం కాదు. అవే కవర్లలోంచి ఇంకో చీటీ తీయడం అది. ఇంకో చాట్‌బాట్‌ను అడిగితే కాస్త నయమే గానీ, రెండూ చాలావరకు ఒకే రాతల మీద శిక్షణ పొంది ఉంటే రెండూ ఒకే తప్పు చెప్పవచ్చు. సెర్చ్ పేజీలో అన్నిటికన్నా పైన కనిపించే సారాంశం కూడా ఇప్పుడు చాలాచోట్ల ఏఐ రాసినదే. దాన్ని చూసి "ఇంటర్నెట్‌లో చూశాను" అనే పిల్ల తిరిగి బయలుదేరిన చోటికే వచ్చింది.

## 'అది చెప్పింది' అనాలా, 'వాడు చెప్పాడు' అనాలా

ఎలైజాను తయారుచేస్తుండగా నెలల తరబడి పక్కనే ఉండి చూసిన వైజెన్‌బామ్ కార్యదర్శి, ఒకరోజు దానితో నాలుగు మాటలు మాట్లాడాక, ఆయన్ను కాసేపు గది బయటికి వెళ్లమన్నారట. అది ప్రోగ్రాం అని తెలియక కాదు. తెలిసినా అలా అనిపించింది. పెద్దవాళ్లకే అలా ఉంటే, "నీ ప్రశ్న నాకు చాలా నచ్చింది" అని చాట్‌బాట్ అన్నప్పుడు ఏడేళ్ల పిల్లాడు దాన్ని నేస్తం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

తెలుగులో ఈ సంగతి క్రియతోనే బయటపడుతుంది. పిల్లలు "చెప్పాడు", "చెప్పింది", "చెప్పారు" ఏది వాడుతున్నారో వింటే చాలు, దాన్ని ఎక్కడ కూర్చోబెట్టారో తెలిసిపోతుంది. కొందరు టీచర్లు ఇక్కడ గట్టిగా ఉంటారు: 'అది' అనే అనాలి, "అనుకుంటోంది", "దానికి తెలుసు" లాంటి మాటలు రానివ్వకూడదు, "లెక్కగట్టింది" అనాలి. ఇంకొందరు అది చాదస్తం అంటారు. గడియారం టైం చెబుతుంది, బండి మొరాయిస్తుంది, ఫోన్ పలకదు. భాష అలాగే నడుస్తుంది, దాంతో ఎవరూ బండికి మనసుందనుకోరు. రెండో వాదనలో బలం ఉంది గానీ ఒక తేడా మరచిపోకూడదు. బండి తిరిగి "నేను" అనదు. అందుకే మాటను నిషేధించడం కన్నా దాని మీద ప్రశ్న అడగడం మేలు. "నాకు సంతోషంగా ఉంది" అని తెర మీద వస్తే, ఆ వాక్యం ఏ కవర్లోంచి వచ్చింది? సంతోషం గురించి మనుషులు రాసిన వాక్యాల్లోంచి. పిల్లలు ఈ జవాబు తామే చెప్పగలరు.

నేస్తం అనుకున్నవాళ్లతో రహస్యాలు చెప్పుకుంటారు కాబట్టి గోప్యత పాఠం ఇక్కడే కలుస్తుంది. పేరు, బడి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ఫొటో, ఒంట్లో బాగాలేదన్న సంగతి, ఇంట్లో గొడవ, ఇవేవీ టైప్ చేయకూడదు. టైప్ చేసినది ఆ పరికరంలోనే ఉండిపోదు, కంపెనీ కంప్యూటర్లకు చేరుతుంది.

## ఇంత చిన్న వయసులో అవసరమా?

వద్దనేవాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. చదవడం, రాయడం, సొంతంగా ఆలోచించడం ఇంకా కుదురుకోని వయసు ఇది. అడిగితే జవాబు దొరుకుతుందని రుచి మరిగితే తంటాలు పడి నేర్చుకునే ఓపిక పోతుంది. ఇంకో లోతైన చిక్కు కూడా ఉంది. మూడు నాలుగేళ్ల పిల్లలు కూడా ఇద్దరిలో ఇంతకుముందు వస్తువుల పేర్లు సరిగా చెప్పినవాళ్లనే నమ్ముతారని మనస్తత్వ శాస్త్రవేత్తల ప్రయోగాల్లో తేలింది. మనుషుల విషయంలో ఆ పద్ధతి బాగా పనికొస్తుంది. చాట్‌బాట్ దగ్గర అదే బెడిసికొడుతుంది: పిల్లకు తెలిసిన సంగతులు లోకమంతా రాసి ఉన్నవి, వాటిని అది చాలావరకు ఒప్పు చెబుతుంది. తెలియని సంగతుల దగ్గరికి వచ్చేసరికి నమ్మకం స్థిరపడిపోయి ఉంటుంది.

కావాలనేవాళ్లు ఇదే కారణం చూపించి అటువైపు వాదిస్తారు. ఇంట్లో ఫోన్‌లో, సెర్చ్ పేజీలో, మాట్లాడే స్పీకర్లో పిల్లలు దాన్ని ఇప్పటికే కలుస్తున్నారు, బడి మౌనంగా ఉంటే ఆ నమ్మకం ఎవరూ అడ్డుకోకుండానే స్థిరపడుతుంది. విసుగు లేకుండా పదిసార్లు చెప్పే తోడుగా అది వెనకబడిన పిల్లలకు ఉపయోగమన్న మాటా ఉంది. అందులో నిజం ఉన్నా, చెప్పినది ఒప్పో కాదో చూసే పెద్దమనిషి పక్కన ఉండాలన్న షరతు తప్పదు.

నియమాల సంగతి చూస్తే, యునెస్కో 2023 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు తరగతిలో ఇలాంటి సాధనాల వాడకానికి 13 ఏళ్లను కనీస వయసుగా సూచించాయి. చాలా ఆన్‌లైన్ సేవల నిబంధనల్లోనూ 13 అన్న అంకె కనిపిస్తుంది. 13 ఏళ్లలోపు పిల్లల వివరాల సేకరణపై అమెరికా 1998లో చేసిన చట్టం దానికి మూలం. ఈ రెండు పక్షాల మధ్య దారి ఒకటుంది: చాట్‌బాట్ గురించి నేర్పడం వేరు, చాట్‌బాట్‌తో నేర్పడం వేరు. మొదటిదానికి ఖాతా అక్కర్లేదు. పై ఆటలన్నీ కాగితం మీదే నడుస్తాయి. ఒకటి రెండు తరగతులకు ఖాళీ పూరించే ఆట, 'అది'–'వాడు' చర్చ సరిపోతాయి. కవర్ల ఆట మూడు నుంచి. టోకెన్లు, ఆక్టోపస్ నాలుగైదులకు. తెర చూపించాలనుకుంటే టీచర్ ఖాతాలో, టీచర్ చేత్తో టైప్ చేసి చూపించవచ్చు.

## బెడిసికొట్టే చోట్లు

అన్నిటికన్నా తరచు బెడిసేది, తప్పు చెబుతుందని ముందే ప్రకటించి తెర మీద ప్రశ్న అడగడం. అది చక్కగా ఒప్పు చెప్పి కూర్చుంటుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, టీచర్ చెప్పినది వీగిపోతుంది. పేరుమోసిన తప్పులను కంపెనీలు త్వరగా సరిదిద్దుతాయి కాబట్టి ఫలానా ప్రశ్నకు ఫలానా తప్పు వస్తుందన్న భరోసా మీద పాఠం నిలబెట్టకూడదు. ఆక్టోపస్ నమూనా టీచరే రాసుకోవాలన్నది ఇందుకే. తెర మీద నమ్మకంగా చూపించగలిగినది వేరే ఉంది: ఒకే ప్రశ్నను మూడుసార్లు విడివిడిగా కొత్త చాట్‌లో అడిగి మూడు జవాబులూ పక్కపక్కన పెట్టడం. ఒక చిన్న కథ రాయమంటే మూడూ వేర్వేరుగా వస్తాయి. కవర్లోంచి చీటీ తీసిన పిల్లలకు కారణం చెప్పనక్కర్లేదు.

పిల్లలకు ఎంత అర్థమైందో తెలుసుకోవడానికి "చాట్‌బాట్ అంటే ఏమిటి?" అన్న ప్రశ్న పనికిరాదు, నిర్వచనం బట్టీ పట్టేస్తారు. దానికి బదులు నాలుగు ప్రశ్నలు ఇచ్చి, చాట్‌బాట్ వేటిని ఒప్పు చెబుతుందో, వేటిలో తడబడుతుందో ముందే రాయమనాలి, కారణంతో సహా: భూమి చుట్టూ తిరిగేది ఏది? వాన మీద నాలుగు వాక్యాలు రాయి. మన తరగతి గోడ మీద ఎన్ని బొమ్మలు ఉన్నాయి? నిన్న మధ్యాహ్నం ఆటలో ఎవరు గెలిచారు? మొదటిదానికి "అందరూ రాశారు కాబట్టి ఒప్పు చెబుతుంది", మూడోదానికి "ఎవరూ ఎక్కడా రాయలేదు, ఏదో అంకె వేస్తుంది" అని రాసినవాళ్లకు విషయం అందినట్టే. రెండోదాని దగ్గర "ఇందులో ఒప్పూ తప్పూ ఏముంటాయి?" అని ఆగిపోయేవాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. నాలుగోదానికి ఎవరైనా "తెలియదని కూడా చెప్పొచ్చు, కానీ అలా చెప్పినా అది ఊహే" అని రాస్తే, ఆ కాగితం మీద తర్వాతి పీరియడ్ మొత్తం మాట్లాడుకోవచ్చు.